ఎర్రజెండా కింద ఊపిరి

“తీసుకురాగలిగితే తీసుకురా. లేకపోతే కాల్చెయ్,” అన్నాడు డైరెక్టరు త్యాగరాజు, టోస్టుకి జామ్ రాసుకుంటూ.

నరసింహం హోటల్ కిటికీలోంచి కిందికి చూశాడు. కలకత్తా బంద్. ట్రాముల్లేవు, బస్సుల్లేవు. నడిరోడ్డు మీద ఇటుకలు పేర్చుకుని మొగాళ్ళు క్రికెట్ ఆడుతున్నారు. ఎవరి మీద కోపంతో బంద్ చేస్తున్నారో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. సెలవు దొరికింది, చాలు.

“కాల్చాల్సింది ఎవరినో గుర్తుందా సార్?”

“ఏజెంట్‌ని.”

“నా బావమరిదిని.”

“ఆఫీసులో బావమరుదులుండరు నరసింహం.”

డైరెక్టరు మీసానికి జామ్ అంటుకుంది. ఆయన తుడుచుకోలేదు.

కామేష్ మాయమై మూడు రోజులైంది. పార్క్ స్ట్రీట్‌లో ఇంద్రాణి లాహిరి పాట వినడానికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. అతను ఒకసారి చదివింది మరిచిపోడు. సరిహద్దు అవతల పనిచేస్తున్న మనవాళ్ళ పేర్లు, ఇళ్ళు, కోడ్‌వర్డ్స్, అన్నీ అతని తలలోనే ఉన్నాయి. కాగితం మీద ఉంటే దొంగలు పడతారని వాటిని అక్కడ పెట్టించింది త్యాగరాజే. ఇప్పుడు దొంగలు తలనే ఎత్తుకుపోయారు.

“ఎవరు?”

“విక్టర్ క్రాలిక్. షిప్పింగ్ ఏజెంటు. తల్లి ఇక్కడి రిపన్ స్ట్రీట్ మనిషి. రంగు మనది, జీతం వాళ్ళది. ధోవతి కడితే బెంగాలీ బాబులా ఉంటాడు, బెంగాలీ నీకంటే బాగా మాట్లాడతాడు. వాడి ఓడ ఖిదిర్‌పూర్ డాక్‌లో ఉంది. మధ్యాహ్నం నదికి పోటు రాగానే డాక్ గేటు తెరుస్తారు.”

“బంద్ కదా?”

“ఆ ఒక్క ఓడకి యూనియన్ మినహాయింపు ఇచ్చింది. ఎందుకిచ్చిందని అడక్కు.”

“సోదా చేద్దాం.”

“విదేశీ ఓడ. ఆర్డరు రేపు పొద్దున వస్తుంది. పోటు ఇవాళ వస్తుంది.” త్యాగరాజు టోస్టు కొరికాడు. “కామేష్ ఆ ఓడ ఎక్కకూడదు. ప్రాణంతో ఎక్కకూడదు. అర్థమైందా?”

అర్థమైంది. త్యాగరాజు ఒక ఫౌంటెన్ పెన్ను బల్ల మీద పెట్టాడు. పెన్ పిస్టల్. ఒకటే గుండు. ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు.

గూఢచారి శాఖ ఫైల్లో నరసింహం యూనిట్ పేరు స్పెషల్ సెల్. ఢిల్లీ క్యాంటీన్‌లో దాని పేరు ‘సూపర్‌హీరోలు’. ఎగతాళిగానే. ఉన్నది నలుగురు. కామేష్‌ది తల. భానుమతిది గొంతు. ఆడదైనా మగవాడైనా సరే, ఒకసారి వింటే చాలు, ఆ గొంతు ఆమెదైపోతుంది. వాట్‌గంజ్‌లో తెలుగు కూలీల ఇంట పుట్టి పెరిగిన బైరాగిది పట్టు. బస్తాలెత్తే ఇనుప కొక్కేన్ని పిడికిట్లో వంచేస్తాడు. నరసింహానికి ఏ శక్తీ లేదు. అతని మొహం ఎవరికీ గుర్తుండదు, అంతే. ఏ వేషమైనా ఇమిడిపోతుంది. భార్య పోయాక ఆ విద్య ఇంకా బాగా పట్టుబడింది.

కామేష్ ఆ భార్య తమ్ముడు.

*

ఇంద్రాణి లాహిరి ఫ్లాట్ పార్క్ స్ట్రీట్ వెనక ఉంది. నరసింహం తెల్లకోటు వేసుకుని, మెడలో స్టెతస్కోపు, స్కూటరు ముందు ‘డాక్టర్’ అన్న బోర్డు తగిలించుకుని వెళ్ళాడు. బంద్ రోజు డాక్టరుని ఎవరూ ఆపరు.

ఆమె శాటిన్ గౌనులో తలుపు తీసింది. గది నిండా సెంటు వాసన, దాని కింద నిన్నటి విస్కీ వాసన. గోళ్ళకి ఎర్రటి రంగు ఆరబెట్టుకుంటోంది.

“నాకేం జబ్బు లేదు డాక్టర్‌గారూ.”

“ఉంది. ఇద్దరి జీతం తింటున్నావు. అరగదు.”

ఆమె నవ్వింది. అందమైన నవ్వే. దాన్ని చూసే కామేష్ చిక్కాడు. అంత తెలివైన తల, ఇంత చవక ఎరకి.

“మీ వాడు బతికే ఉన్నాడు. నోరు విప్పలేదట. అందుకే తీసుకుపోతున్నారు, ఓడలో విప్పించే డాక్టర్లున్నారట.”

“ఎక్కడున్నాడు?”

“ఏక్‌బాల్‌పూర్‌లో. ఏ ఇల్లో నాకు చెప్పలేదు. పోటుకి ముందు ఆంబులెన్స్‌లో వాట్‌గంజ్ మీదుగా డాక్‌కి. మత్తు ఇంజక్షన్ ఇచ్చి.” గోళ్ళ మీద ఊదుకుంది. “నేను మీ మనిషినే నరసింహం.”

“ఎప్పటిదాకా?”

“మీరు ఓడేదాకా.”

అతను మెట్లు దిగి వీధిలోకి వచ్చాక ఉమ్మేశాడు.

*

వాట్‌గంజ్ కూడలి. ఏక్‌బాల్‌పూర్ నుంచి డాక్‌కి పోయే బండి ఏదైనా ఇక్కడికే రావాలి. రోడ్డుకి అడ్డంగా బెంచీ, బెంచీ మీద ఎర్రజెండా, జెండా కింద పికెటింగ్ చేసేవాళ్ళు చీట్లాడుతున్నారు. వాళ్ళ నాయకుడు తారక్‌దా. కొంచెం ముందుకి పోతే డాక్ వంతెన, దానికి ఇవతల యూనియన్ బ్రాంచి ఆఫీసు.

భానుమతి మందుల షాపులో నిలబడి ఉంది. బంద్‌లో తెరిచి ఉన్న షాపు అదొక్కటే. ఆమె చెవిలో వినికిడి మిషను ఉంది, అందులో రేడియో. బైరాగి పికెటింగ్ బెంచీ పక్కనే గొంతుక్కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

“ఏటి బాబూ, డాక్టరయిపోనావేటి?” అన్నాడు నరసింహాన్ని చూసి. “మా ఆవిడికి నడుం నొప్పి, సూత్తావా?”

“ఆంబులెన్స్ వస్తుంది. ఆపు.”

“ఆపీగలను. ఎత్తి పక్కనెట్టీమన్నా ఎట్టీగలను.”

ఆంబులెన్స్ వచ్చింది. గంట కొట్టుకుంటూ వేగంగా వచ్చింది. బైరాగి ముందు బంపర్ పట్టుకుని నిలబడ్డాడు. ఇంజను ఏడ్చింది, చక్రాలు బురద చిమ్మాయి, బండి కదల్లేదు. నరసింహం డాక్టరు హోదాలో వెనక తలుపు లాగాడు.

లోపల పేషెంటు లేడు. ఇలిస చేపలున్నాయి. స్ట్రెచర్ మీద అరిటాకులు, ఆకుల మీద మంచు, మంచు మీద చేపలు. ఒక లావుపాటి పెద్దమనిషి వాటి పక్కన కూర్చుని చేతిరుమాలుతో విసురుకుంటున్నాడు.

“మా అమ్మాయి పెళ్ళి, దాదా! బంద్‌లో ఇంకే బండి వదులుతారు చెప్పండి?” అన్నాడు బెంగాలీలో. సిగ్గు కూడా లేదు. అతని వల్ల ఈ ఊళ్ళో ఎక్కడో ఎవడో ఆంబులెన్స్ కోసం ఎదురుచూస్తూ పోతుంటాడు.

నరసింహం తలుపు ధడాలున వేశాడు. ఇంద్రాణి ఈసారి వాళ్ళ జీతానికి పని చేసింది.

అప్పుడే వెనక నుంచి ఇంకో బండి నెమ్మదిగా వచ్చి కూడలిలో ఆగింది. శవాల బండి. చుట్టూ అద్దాలు, లోపల పరుపు మీద శవం. గడ్డం దాకా ఎర్రజెండా కప్పారు. నుదుట గంధం చుక్కలు, కళ్ళ మీద తులసి ఆకులు. బండి ముందు ధోవతి, లాల్చీ, ఛాతీ మీద నల్లబ్యాడ్జీ పెట్టుకున్న మనిషి నడుస్తున్నాడు. చీట్లాడేవాళ్ళు జెండా చూడగానే లేచారు. బెంచీ పక్కకి జరిపారు. పిడికిళ్ళు ఎత్తారు.

“లాల్ సలామ్!”

“కామ్రేడ్ అనంత్ పాలిత్,” అన్నాడు నల్లబ్యాడ్జీ మనిషి బొంగురు గొంతుతో. “డాక్‌లోనే పనిచేశాడు. చివరిసారి ఆ గేటు చూపించి దహనానికి ఘాట్‌కి తీసుకెళ్తాం. ఆయన కోరిక.”

తారక్‌దా కళ్ళు ఒత్తుకున్నాడు. “వెళ్ళండి కామ్రేడ్, వెళ్ళండి.”

నరసింహం బండికి అడుగు దూరంలో ఉన్నాడు. శవం మొహానికి ఎదురుగా అద్దం మీద రూపాయి బిళ్ళంత మేర ఆవిరి పట్టింది. చెరిగిపోయింది. మళ్ళీ పట్టింది.

డ్రైవరు పక్కన తెల్లచీర కట్టుకుని, కొంగు మొహం మీదికి లాక్కుని విధవరాలు కూర్చుంది. ఏడుస్తోంది. కొంగు పట్టుకున్న వేళ్ళ గోళ్ళు ఎర్రగా మెరుస్తున్నాయి.

*

బైరాగి కూడా చూశాడు. “బాబూ, కామేష్‌బాబే! అద్దం బద్దలుకొట్టీనా?”

“కొడితే ఈ జనం మనల్ని ముక్కలు చేస్తారు. ఆ జెండా కింద ఉన్నవాణ్ణి ముట్టుకుంటే ఎవరి మాటా వినరు.”

“మరేటి సేత్తాం? అగో, ఎల్లిపోతన్నాది బండి.”

నరసింహం చెయ్యి కోటు జేబులో ఉంది. పెన్ను చల్లగా తగిలింది. అద్దం పల్చనిది. దూరం ఎక్కువ లేదు. త్యాగరాజు అయితే ఈపాటికి పని ముగించి టోస్టు తెప్పించుకునేవాడు.

షాపు మెట్లు దిగి భానుమతి వచ్చింది. మందు సీసా చేతిలో ఉంది. “సార్, ఈ తారక్‌దా ఎలా గొణుగుతున్నాడో విన్నారా?”

“వినలేదు.”

“ ‘అదేం శవయాత్ర? బ్రాంచి ఆఫీసు ముందు దింపుతామని అనలేదు, దండ పడలేదు, ఒక్కళ్ళూ మాట్లాడలేదు, ఇలాగేనా కామ్రేడ్‌ని పంపేది’ అంటున్నాడు. నేను ఈ ఊళ్ళోనే పుట్టాను సార్. యూనియన్ మనిషి పోతే ఉపన్యాసం కాకుండా ఘాట్‌కి పోవడం నేనెప్పుడూ చూడలేదు.”

నరసింహం ఆమె వైపు చూశాడు. జేబులోంచి చెయ్యి తీశాడు.

“ఈ ఏరియా సెక్రటరీ ఎవరు?”

“నీరేన్‌బాబు. మొన్న మైకులో విన్నాను. నోట్లో పాన్, ప్రతి మాటకీ దగ్గు.”

“అయితే నువ్వూ దగ్గు.”

ఆమె మళ్ళీ షాపులోకి వెళ్ళింది. టెలిఫోను తీసింది. షాపువాడు మాత్రలు లెక్కపెట్టుకుంటున్నాడు. అతని వెనక నుంచి అరవయ్యేళ్ళ మగగొంతు బెంగాలీలో ఉరిమింది.

“హలో, బ్రాంచి ఆఫీసా? నీరేన్‌ని. అనంత్ పాలిత్ శరీరం మీ గుమ్మం ముందు నుంచే పోతోంది, ఖళ్, ఖళ్, మీరేం చేస్తున్నారు? నిద్రపోతున్నారా? ఆయన లేకపోతే ఈ డాక్‌లో యూనియన్ ఎక్కడిది? దింపండి! నేను వస్తున్నా. నేను వచ్చేదాకా ఆ బండి చక్రం కదిలిందో, ఖళ్, ఒక్కొక్కడి సభ్యత్వం పీకేస్తా!”

షాపువాడి చేతిలో మాత్రలు నేల మీద పడ్డాయి. భానుమతి ఫోను పెట్టేసి, తన గొంతుతో “ఈ టానిక్ రోజుకెన్నిసార్లు దాదా?” అనడిగింది.

*

నల్లబ్యాడ్జీ పెట్టుకున్న క్రాలిక్ లెక్కలో ఒక్కటే తప్పు. ఎర్రజెండా కప్పితే ఈ ఊళ్ళో ప్రతి దారీ తెరుచుకుంటుందని అతనికి తెలుసు. ఆ జెండా కప్పినవాణ్ణి పొగడకుండా పోనివ్వరని తెలియదు. ఇన్నేళ్ళు బతికాడు, ఒక్క చావుకి వెళ్ళలేదు.

బ్రాంచి ఆఫీసు ముందు ఇరవై మంది బండికి అడ్డం పడ్డారు. పక్క సందుల్లోంచి ఇంకా వస్తున్నారు. బంద్ రోజు, ఎవరికీ పని లేదు. క్షణాల్లో పరుపుతో సహా శవాన్ని దింపి ఆఫీసు అరుగు మీద పెట్టారు. మైకు వచ్చింది. రజనీగంధ దండలు వచ్చాయి.

“మాకు టైము లేదు కామ్రేడ్,” అన్నాడు క్రాలిక్.

“కామ్రేడ్ పాలిత్ కోసం టైము లేదా?” బండి వెనకే వచ్చిన తారక్‌దా కళ్ళెర్రజేశాడు. “నీరేన్‌దా వస్తున్నారు.”

క్రాలిక్ ఏమనగలడు? చనిపోలేదనగలడా?

ఉపన్యాసాలు మొదలయ్యాయి. అనంత్ పాలిత్ అనేవాడు భూమ్మీద పుట్టనేలేదు. అయినా మొదటివాడు ఆయన్ని జైల్లో కలిశానన్నాడు. రెండోవాడు ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నానన్నాడు. మహిళా విభాగం నుంచి ఒకావిడ, ఆయన తన ఇంట్లో అన్నం తిని వెళ్ళి లాఠీదెబ్బలు తిన్నాడని చెప్పి వెక్కివెక్కి ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. నరసింహం జీవితంలో చాలామంది అబద్ధాలకోరుల్ని చూశాడు. జీతం తీసుకోకుండా ఇంత బాగా చెప్పేవాళ్ళని చూడలేదు.

అవతల డాక్‌లో హారన్ మోగింది. పోటు నిండింది. గేటు తెరిచారు.

క్రాలిక్ లాల్చీ చెమటతో వీపుకి అతుక్కుంది. నాలుగోవాడు మైకు అందుకున్నాడు. క్రాలిక్‌తో వచ్చిన ఇద్దరు అనుచరులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అప్పుడు జెండా కింద కామేష్ చెయ్యి కదిలింది.

మత్తు దిగుతోంది. నరసింహం చూశాడు. క్రాలిక్ కూడా చూశాడు. అతను దండ సర్దుతున్నట్టు వంగాడు. వేలికి ఉన్న ఉంగరాన్ని బొటనవేలితో అరచేతి వైపుకి తిప్పాడు. రాయి స్థానంలో విషపు సూది మెరిసింది. ఆ చెయ్యి కామేష్ మెడ వైపు కదిలింది.

అంటే అతనికీ అదే ఆర్డరు. తీసుకురాగలిగితే తీసుకురా, లేకపోతే. ఎక్కడో ఇంకో దేశంలో ఇంకో త్యాగరాజు, ఇంకో టోస్టు.

నరసింహం పెన్ను బయటికి తీశాడు. జనం సందులోంచి దారి కనిపించింది. కానీ క్రాలిక్ తల జనంలో ఉంది. తగిలే గురి ఒక్కటే, కామేష్ ఛాతీ. గుండు పేలితే ఓడ కథ, పేర్ల కథ, అన్నీ ముగుస్తాయి. డ్యూటీ అయినట్టే.

అతను పెన్ను పక్కనున్న మురిక్కాలవలోకి విసిరేశాడు.

“కామ్రేడ్ అనంత్ పాలిత్!” అని గొంతు చించుకుని అరిచాడు.

“అమర్ రహే!” జనం హోరెత్తింది. వంద పిడికిళ్ళు ఒక్కసారి పైకి లేచాయి.

క్రాలిక్ చెయ్యి కూడా లేచింది. అతను లేపలేదు. బైరాగి వెనక నుంచి మణికట్టు పట్టుకుని లేపాడు.

“పైకెత్తు దాదా, పైకెత్తు,” అన్నాడు బైరాగి అతని చెవిలో. “కామ్రేడు కదా మరి. పిడికిలి బిగించాల.”

“అమర్ రహే!”

బైరాగి తన అరచేతిలో క్రాలిక్ వేళ్ళని ఒక్కొక్కటే మడిచాడు. ఇనుప కొక్కేలు వంచే చెయ్యి. క్రాలిక్ గుద్దాడు, తన్నాడు. నినాదాల్లో ఆవేశం అనుకున్నారు. ఆఖరి వేలు మడతపడింది. సూది అతని అరచేతిలోకే దిగింది.

“అమర్ రహే!” మూడోసారి అరిచేటప్పటికి అతను నిలబడే పోయాడు. బైరాగి పట్టుకుని ఉండబట్టి పడలేదు.

అదే సమయంలో వాన విరుచుకుపడింది. శ్రావణమాసపు కలకత్తా వాన, బకెట్లతో పోసినట్టు. తుపాకీలకి ఎదురు నిలుస్తామని ఇప్పుడే అరిచిన ఛాతీలన్నీ పరిగెత్తి ఆఫీసు లోపలికి దూరాయి. మైకు మీద గోనె కప్పారు. శవం మీద ఎవరూ ఏమీ కప్పలేదు. క్రాలిక్ మనుషులు, డ్రైవరు సందులో పడి పారిపోయారు.

అరుగు మీద మిగిలింది శవం కాని శవం, నిజమైన శవం, సూపర్‌హీరోలు ముగ్గురు, తెల్లచీర విధవరాలు.

ఇంద్రాణి క్రాలిక్ మొహంలోకి చూసింది. కనురెప్ప ఎత్తి చూసింది. ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత కామేష్ మీది జెండా లాగేసింది.

“నిలబడి చూస్తారేం? మార్చండి! వాన తగ్గితే వస్తారు.”

వాళ్ళు మార్చారు. కామేష్ దిగిన పరుపు మీద క్రాలిక్‌ని పడుకోబెట్టారు. ఇంద్రాణి అతని గడ్డం దాకా జెండా కప్పింది, మొహం నిండా దండలు పేర్చింది, తులసి ఆకులు తడిమి కళ్ళ మీద పెట్టింది. పెట్టి, అతని ఛాతీ మీద పడి గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు విని ఆఫీసులోంచి మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారు.

ఏడుపు మధ్యలో నరసింహం వైపు చూసి, “చెప్పానుగా, మీ మనిషినే,” అంది మెల్లగా.

“ఈ మాట వాడికి కూడా చెప్పే ఉంటావు,” అన్నాడు నరసింహం.

*

బైరాగి కామేష్‌ని భుజాన వేసుకుని సందులోకి నడిచాడు. ఎవరైనా అడిగితే, “మా తమ్ముడు బాబూ. పెద్దాయన పోనాడని సోలిపోనాడు,” అన్నాడు. జనం జాలిపడి దారిచ్చారు.

డాక్‌లో హారన్ మళ్ళీ మోగింది. ఓడ క్రాలిక్ కోసం చూసి చూసి లంగరు తియ్యలేదు. పోటు దిగింది. గేటు మూసేశారు. పొద్దున్న సోదా ఆర్డరు వచ్చేటప్పటికి ఓడ అక్కడే ఉంది. అందులో వైర్‌లెస్ సెట్లు, క్రాలిక్ ముఠా మొత్తం, నోళ్ళు విప్పించే డాక్టర్లు ఇద్దరు దొరికారు.

నీరేన్‌బాబు సాయంత్రానికి నిజంగానే వచ్చాడు. తన ఫోను వల్ల ఎంతమంది చేరారో చూసి, తను ఫోను చెయ్యలేదని ఎవరికీ చెప్పలేదు. అందరికంటే ఎక్కువసేపు మాట్లాడాడు. ఆ రాత్రి విక్టర్ క్రాలిక్ అనే విదేశీ గూఢచారిని శ్రామికవర్గం భుజాల మీద మోసి దహనం చేసింది.

బైరాగి ఇంట్లో నులకమంచం మీద కామేష్ కళ్ళు తెరిచాడు. వణుకుతున్నాడు.

“బావా.”

“పడుకో.”

“అంతా వినపడుతూనే ఉంది. కదల్లేకపోయాను. పేర్లు చెప్పలేదు బావా.”

“తెలుసు.”

“నీకేమని ఆర్డరిచ్చారు?”

“తీసుకురమ్మన్నారు.”

“అంతేనా?”

నరసింహం దుప్పటి లాగి అతని భుజాల దాకా కప్పాడు. “అంతే.”

కామేష్ చాలాసేపు అతని మొహంలోకి చూశాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నరసింహం బైరాగి భార్య ఇచ్చిన టీ తాగాడు.

బంద్ రోజే విమానంలో ఢిల్లీ వెళ్ళిపోయిన త్యాగరాజు మర్నాడు ఫోను చేశాడు. గొంతులో చిరాకు ఉంది.

“బతికే ఉన్నాడా? ముందే చెప్పొద్దూ? నిన్న సాయంత్రమే విధి నిర్వహణలో పోయాడని రాసి పంపేశాను. పైన సంతకాలు కూడా అయిపోయాయి.”

“కొట్టెయ్యండి సార్.”

“అలా కుదరదు. రూల్సున్నాయి. బతికున్నట్టు సర్టిఫికెట్ కావాలి. డిపార్టుమెంటు గెజిటెడ్ ఆఫీసరు స్వయంగా చూసి సంతకం పెట్టాలి.”

ఆ డిపార్టుమెంటులో గెజిటెడ్ ఆఫీసరు త్యాగరాజు ఒక్కడే. కామేష్ ఢిల్లీ వెళ్ళి ఆయన బల్ల ముందు నిలబడ్డాడు. త్యాగరాజు అతన్ని పైనుంచి కిందిదాకా చూసి, ఆలోచించుకోవడానికి వారం రోజులు టైము అడిగాడు.